ఇతరులకి ఏడు

ఆఫీసు వెనక గది,
మార్చి 4

వదినకి,

రెండో ఆపరేషను అయ్యాక కన్ను ఎలా ఉంది? ఇంకా బోర్లానే పడుకోవాలన్నారని, మంచానికి తల దగ్గర కన్నం ఉంటే దాని కింద నేల మీద కాగితం పెట్టి చదువుతున్నావని అన్నయ్య చెప్పాడు. నువ్వు తల వంచుకుని నా మాట వినే రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఈ అవకాశం వదులుకోను. కంప్యూటరూ ఫోనూ చూడొద్దన్నారు కాబట్టి ఇకనుంచి నీకు ఉత్తరాలే. ఫోను చేస్తే అన్నయ్య స్పీకరు పెట్టి మధ్యలో కూర్చుంటాడు, మన మాటలు మనం మాట్లాడుకున్నట్టు ఉండదు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఆఫీసుకి రాలేని ఆడవాళ్ళు ఇంటి నుంచే కేసు కాగితాలు పంపుకోవడానికి నువ్వు తయారుచేసిన సైటుని మొన్న ఒకటో తారీఖున కొత్త సర్వర్‌లోకి మార్చేశాను. పదకొండేళ్ళు నువ్వు నడిపినదాన్ని, టైపు కొట్టుకునే నేను, నీ నీలం అట్ట పుస్తకం ముందు పెట్టుకుని మార్చాను. వకీలమ్మ కాఫీ కప్పు పట్టుకుని నా వెనకే నిలబడ్డారు. 

మారాక ఒక్కటే చిక్కు వచ్చింది. కాగితం పంపితే "అనుమతి లేదు" అని తిప్పి కొట్టింది. ముగ్గురు ఆడవాళ్ళు ఫోను చేసి గోల పెట్టారు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నీ పుస్తకంతో కుస్తీ పడితే తెలిసింది, తప్పు నీ సున్నాదే. సరిచేశాను. ఇప్పుడు గడగడా వెళ్తున్నాయి. వకీలమ్మ కూడా మెచ్చుకున్నారు, కాబట్టి నువ్వూ ఒక ముక్క మెచ్చుకోవాలి.

మందులు వేళకి వేసుకో.

నీ గడుగ్గాయి

*

మంచం మీద నుంచి, బోర్లా,
మార్చి 8

గడుగ్గాయికి,

వరసలు వంకరగా ఉంటే క్షమించు. కాగితం నేల మీద, చేతులు కిందికి వేలాడుతూ, ముక్కు ఆ కన్నంలో. నీ ఉత్తరం మీ అన్నయ్య తలకిందులుగా పెట్టాడు. కళ్ళే కాదు, బుర్ర కూడా పోయిందేమో అని కాసేపు భయపడ్డాను.

సర్వర్ మార్చావని చదివి సంతోషం వేసింది. నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేనే కాబట్టి సగం గొప్ప నాదే. వకీలమ్మ మెచ్చుకున్నారంటే మాటలు కాదు. పదకొండేళ్ళలో నన్ను ఒకసారి మెచ్చుకున్నారు, అదీ నా గొడుగు బాగుందని.

సరే, ఇక అసలు సంగతి. ఏ సున్నా? ఉత్తరం నాలుగుసార్లు చదివాను, ఏ సున్నా అన్నది నువ్వు రాయలేదు. "సరిచేశాను" అన్నావే గానీ ఏం చేశావో చెప్పలేదు. నా పుస్తకంలో సున్నాలు చాలా ఉన్నాయి, ఒక్కటీ ఊరికే పెట్టలేదు. కాగితాలు దాచే ఫోల్డర్ మీద జాబితా కమాండ్ కొట్టి, మొదటి వరస అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాసి పంపు. ఆ ఫోల్డర్ ఎక్కడ పెట్టావో కూడా రాయి. కంగారు పడక్కర్లేదు, నా అనుమానం తీర్చుకోవడానికి అడుగుతున్నాను.

వెంటనే రాయి.

వదిన

*

ఆఫీసు వెనక గది,
మార్చి 13

వదినకి,

ఆలస్యమైంది, తిట్టకు. ఈ వారం ఊపిరి సలపలేదు. సైటు సరిగ్గా పనిచేస్తుందని తెలిసి ఒక్కసారే పద్దెనిమిది మంది కాగితాలు పంపారు. అందులో కుట్టుపని ఆవిడ ఉంది, నీకు గుర్తుందా? నువ్వు వెళ్ళే ముందు వారం వచ్చింది, మోచేతి దాకా కట్టుతో, ఏడేళ్ళ కూతురితో. మొగుణ్ణి వదిలి వచ్చేశాక ఊరికి ఆ చివర ఒక గది తీసుకుంది. మిషను పెట్టుకుని బట్టలు కుడుతోంది. ఆ గది ఎక్కడో వాళ్ళమ్మకి కూడా చెప్పలేదట, అమ్మ నోట ఏ మాటా దాగదని. కోర్టుకి అద్దె పత్రం కావాలంటే మన సైటులో పంపింది. బస్సెక్కి ఇక్కడికి వస్తే దారిలో ఎవరి కంట పడతానో అని ఆవిడ భయం. నేను చేసిన మార్పు వల్ల ఆవిడకి ఆ ప్రయాణం తప్పింది. నిజం చెప్పనా, ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది.

నువ్వడిగిన వరస ఇదిగో. ముందు డి, ఆ తర్వాత ఆర్, డబ్ల్యు, ఎక్స్ అన్న మూడక్షరాలు వరసగా మూడుసార్లు ఉన్నాయి. చదవడానికి, రాయడానికి, తెరవడానికి మూడు అనుమతులూ ఉంటే ఏడు, ఏదీ లేకపోతే సున్నా కదా, అంటే ఏడు, ఏడు, ఏడు. నీ పుస్తకంలో ఏడు, ఏడు, సున్నా అని ఉంది. మొదటిది యజమానికి, రెండోది బృందానికి, మూడోది ఇతరులకి అని నువ్వే రాశావు. ఇతరులకి సున్నా పెడితే వాళ్ళు కాగితాలు ఎలా పంపుతారు చెప్పు? వచ్చినవాళ్ళ రిజిస్టరులో "సిబ్బంది, వకీళ్ళు, ఇతరులు" అని మూడు గళ్ళుంటే మన ఆడవాళ్ళందరూ టిక్కు పెట్టేది ఇతరుల గడిలోనే కదా. అందుకని ఇతరులకి ఏడు ఇచ్చాను. ఫోల్డరేమో సైటు ఫోల్డర్ లోపలే ఉంది. కొత్త సర్వర్‌లో నాకు కనిపించింది అదొక్కటే.

వకీలమ్మకి వెతుక్కోవడం తేలికగా ఉంటుందని, సైటుని నడిపే నీ స్క్రిప్టు పెట్టే అంకెల పేర్లు తీసేసి, పాతవాటితో సహా ప్రతి కాగితానికీ పంపినవాళ్ళ పేరే పెట్టేలా మార్చాను. అదీ మెచ్చుకున్నారు.

ఇప్పుడైనా నీ అనుమానం తీరిందా?

గడుగ్గాయి

*

మంచం మీద నుంచి,
మార్చి 16

గడుగ్గాయికి,

ఇందాక ఫోనులో గట్టిగా అరిచాను. అన్నయ్య నా నోటి దగ్గర ఫోను పట్టుకుని తెల్లబోయి చూస్తున్నాడు. నీ ఉత్తరంలో ఆ మూడు ఏడులు చూడగానే ఫోను కలపమన్నాను. ఆ చివరి ఏడుని సున్నా చేయించి, కాగితాలన్నీ సైటు బయటికి తీయించాకే ఊపిరి పీల్చుకున్నాను. చెప్పింది చెప్పినట్టు చేశావు. ఇప్పుడు నింపాదిగా రాస్తున్నాను, నువ్వూ నింపాదిగా చదువు.

ఆ ఇతరులు మన ఆడవాళ్ళు కాదే. సర్వర్‌కి కుట్టుపని ఆవిడ ఎవరో తెలియదు. ఆవిడ పంపిన కాగితాన్ని తీసుకెళ్ళి ఫోల్డర్‌లో పెట్టే గుమాస్తా ఒకడున్నాడు, వాడి పేరు వెబ్ సర్వర్. మన ఆడవాళ్ళు వెయ్యి మంది వచ్చినా లోపల అడుగుపెట్టేది వాడొక్కడే. పాత సర్వర్‌లో వాణ్ణి మన బృందంలో చేర్చి ఉంచాను. కొత్తదానిలోకి వచ్చేసరికి ఆ బృందం మారిపోయింది, వాడు బయట నిలబడిపోయాడు, అందుకే "అనుమతి లేదు" అంది. సర్వర్ వాళ్ళతో చెప్పి వాణ్ణి మళ్ళీ బృందంలో చేర్పిస్తే సరిపోయేది. ఇతరులంటే ఆ యంత్రం మీద అద్దెకున్న తక్కిన వాళ్ళందరూ. మనతో పాటు అక్కడ ఎన్ని దుకాణాల సైట్లున్నాయో, వాటి తాళాలు ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో మనకి తెలియదు. నువ్వు వాళ్ళందరికీ చదువుకోమని, రాసుకోమని అనుమతి ఇచ్చేశావు.

ఇక చేయవలసినవి చెబుతాను. మన సైటుకి వేరే వెబ్ యూజర్‌ని, అంటే మన పని తప్ప ఇంకెవరి పనీ చేయని గుమాస్తాని, ఇమ్మని అడుగు. పంపిన కాగితాలు ఎప్పటికీ సైటు ఫోల్డర్ బయటే ఉండాలి. అడిగినవాళ్ళు ఎవరో చూసుకుని స్క్రిప్టే తెచ్చి ఇవ్వాలి. ఆ ఫోల్డర్‌లో ఏ స్క్రిప్టూ నడవకూడదు. స్క్రిప్టు కొత్తగా ఏది రాసినా ఇతరులకి సున్నాతోనే పుట్టాలి. కాగితాలకి మళ్ళీ అంకెల పేర్లే పెట్టు, వకీలమ్మకి వేరే జాబితా ఇవ్వు.

"ఏమీ జరగలేదు కదా" అని ఫోనులో అడిగితే "లేదు వదినా, మూసేశాను" అన్నావు. ఆ జవాబు మరీ త్వరగా వచ్చింది. రెండు వారాలు తెరిచి ఉంది కదే. ఎవరు ఏది తెరిచారో సర్వర్ ఒక చిట్టాలో రాసుకుంటుంది, అది చూశావా?

వదిన

*

ఆఫీసు వెనక గది, తలుపు గడియపెట్టి,
మార్చి 18

వదినా,

అబద్ధం చెప్పాను. నువ్వు ఫోనులో ఉండగా కాగితాలు బయటికి తీస్తున్నప్పుడే చూశాను, ఏమీ జరగలేదు కదా అని నువ్వు అడిగేసరికి నాకు తెలుసు. నీ గొంతు విని లేదనేశాను.

ఆ ఫోల్డర్‌లో నేను పెట్టనిది ఒకటి ఉంది. చూస్తే ఫోటో పేరు, చివర మాత్రం స్క్రిప్టు తోక. దాని తారీఖు మార్చి 5. సర్వర్ వాళ్ళని అడిగితే, అదే యంత్రం మీద ఉన్న ఏదో దుకాణం సైటులో దొంగ దూరాడని, వాడు తెరిచి ఉన్న ప్రతి ఫోల్డర్‌లోనూ అలాంటిది ఒకటి పడేసి పోయాడని చెప్పారు. వాడికి మన కాగితాలతో పనేమీ లేదట. ఆ మాటకి కాసేపు బతికిపోయాననుకున్నాను. కానీ ఆ స్క్రిప్టు చేసే పని ఏమిటంటే, ఫోల్డర్‌లో ఉన్న కాగితాల పేర్లన్నీ ఒక పేజీగా చూపించడం. వెతికే సైట్లు ఆ పేజీని చూసి తమ పుస్తకంలో ఎక్కించుకున్నాయి. నూట నలభై మంది పేర్లు, నేను ముచ్చటపడి పెట్టిన పేర్లు. ఎవరైనా కుట్టుపని ఆవిడ పేరు కొట్టి వెతికితే, మొదట వచ్చేది ఆవిడ అద్దె పత్రమే. గది నంబరు, వీధి, మేడ మీదా కిందా అన్నదంతా ఉంటుంది. నేనే వెతికి చూశాను, వచ్చింది.

చిట్టా కూడా చూశాను. యంత్రాలు వచ్చి పోయినవి తీసేస్తే, మనిషి వచ్చినది ఒక్కసారి. మార్చి 14 పొద్దున, ఏదో ఫోను నుంచి. నూట నలభైలో తెరిచింది ఒక్కటే కాగితం, అదీ మూడుసార్లు. అది ఆవిడదే.

ఎవరైనా కావచ్చు కదా వదినా? ఆవిడే తన కాగితం సరిగ్గా వెళ్ళిందో లేదో చూసుకుందేమో? అలా అనుకుని ఆవిడకి ఫోను చేశాను. కాగితం అందిందని చెప్పే నెపంతో, మళ్ళీ తెరిచి చూశారా అని అడిగాను. తన ఫోనులో అలాంటివి తెరుచుకోవని, మూల మీద దుకాణంలో పంపించానని, ఆ తర్వాత చూడలేదని చెప్పింది. తర్వాత నన్ను భోంచేశారా అని అడిగింది. నేను ఫోను పెట్టేశాను.

వకీలమ్మకి ఫోల్డర్ తెరిచి ఉండిపోయిందనీ, మూసేశాననీ మాత్రమే చెప్పాను. ఆ మూడుసార్ల సంగతి చెప్పలేదు. ఆవిడ ఈ వారం ఊళ్ళో లేరు. వచ్చేదాకా ఎవరితోనూ అనొద్దని, అనవసరంగా నూట నలభై మందిని హడలగొట్టొద్దని అన్నారు.

నేనేం చేయను? ఇది నా చేతులతో చేసింది. అన్నం సహించడం లేదు. నువ్వు ఏం చెబితే అది చేస్తాను, త్వరగా రాయి.

గడుగ్గాయి

*

మార్చి 20

గడుగ్గాయికి,

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. అన్నయ్య చేత చదివించుకున్నాను, అందుకే ఈ ఉత్తరం కూడా ఆయన చేతి రాతలో ఉంది. కంగారు పడకు, నేను కాస్త అలిసిపోయాను, అంతే.

ముందు స్థిమితపడు. తప్పు జరిగింది, మూసేశావు. వెతికే సైట్ల నుంచి ఆ పేజీ తీయించడానికి అర్జీ పెట్టాలి, అది ఈ రోజే పెట్టు.

ఆవిడ విషయంలో తొందరపడొద్దు. ఒక కాగితాన్ని మూడుసార్లు తెరవడం సరిగ్గా కనిపించక కూడా జరుగుతుంది. యంత్రాలు కూడా ఫోను వేషం వేసుకుని వస్తాయి, ఆ సంగతి నాకు తెలుసు. చేతిలో రుజువు లేకుండా వెళ్ళి చెబితే, ఇప్పుడిప్పుడే నిలదొక్కుకున్న మనిషిని మళ్ళీ రోడ్డున పడేసినట్టవుతుంది. వకీలమ్మ రానీ. ఆవిడ పెద్దమనిషి, ఏం చేయాలో ఆవిడకి తెలుసు. రెండు మూడు రోజుల్లో పుట్టి మునగదు. ఈలోగా ఏదీ కాగితం మీద పెట్టకు. ఎవరు అడిగినా, సైటు కట్టింది ఎవరు, మార్చింది ఎవరు అన్న చర్చలోకి దిగకు.

మందులు వేసుకుంటున్నాను. నువ్వు అన్నం తిను.

వదిన

*

ఆఫీసు వెనక గది,
మార్చి 20

వదినా,

నీ జవాబు వచ్చేదాకా ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను. నిన్న పొద్దున ఫోను చేస్తే అన్నయ్య తీశాడు. నిన్ను మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్తున్నానన్నాడు. ఎందుకని అడిగితే ఊరికే చూపించడానికి అన్నాడు. నేను ఇంకేమీ అనకుండా పెట్టేశాను. సెలవు చీటీ బల్ల మీద పెట్టి కుట్టుపని ఆవిడ గదికి బస్సెక్కాను.

గది మేడ మీద. మెట్ల పక్కన ఇస్త్రీ వాసన వచ్చింది. ఆవిడ తలుపు గొలుసు తీయకుండానే చూసి, నేనని గుర్తుపట్టి నవ్వింది. లోపల మిషను, దాని మీద సగం కుట్టిన చిన్న గౌను, గోడకి పిల్ల గీసిన బొమ్మలు. కుర్చీ దులిపి వేసింది. నేను కూర్చోలేదు.

ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూనే వెళ్ళాను, తీరా అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు. సర్వర్ గురించీ అంకెల గురించీ ఏదో మొదలుపెట్టాను. ఆవిడకి అర్థం కావడం లేదని మొహంలో కనిపిస్తోంది. అప్పుడిక సూటిగా చెప్పేశాను.

"మీ అడ్రసు నా తప్పు వల్ల బయటపడిందమ్మా. ఎవరో చూశారు."

ఆవిడ అరవలేదు. ఎన్ని రోజులయిందని అడిగింది. చూసి అయిదు రోజులయిందన్నాను. ఆవిడ వెళ్ళి తలుపుకి మళ్ళీ గొలుసు వేసి వచ్చింది. తర్వాత చెప్పింది.

"మొన్న ఒకతను వచ్చాడు. ప్యాంటు పొట్టి చెయ్యాలన్నాడు. చేతిలో ప్యాంటు లేదు."

పిల్ల బడి నుంచి ఎన్నింటికి వస్తుందని కూడా అడిగాడట. కొత్త గిరాకీ అనుకుని ఆవిడ నాలుగింటికని చెప్పేసింది. ఆ మాట చెబుతూ నా వైపు చూడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత ఆవిడ చేసిన పనులు నేను మర్చిపోలేను. కుట్టాల్సిన బట్టలు ఎవరివి వాళ్ళకి మడిచి, కొలతల చీటీలు గుచ్చి, కింద వాటాలో ఉండే రిటైరైన బస్సు కండక్టరు గారికి అప్పగించింది. మిషను పైభాగం విప్పి దుప్పట్లో చుట్టింది. బొమ్మల్లో ఒక్కటి తీసుకుని మిగతావి వదిలేసింది. మిషను నేను మోస్తానన్నాను. వద్దంది. రెండోసారి అన్నాక ఇచ్చింది. బడికి వెళ్ళి పిల్లని వేళకి ముందే తీసుకుని, బస్టాండులో ఆగింది. అక్కడ మిషను నా చేతిలోంచి తీసుకుని, ఇక వెళ్ళమంది. ఏ బస్సెక్కేదీ నేను చూడటం ఆవిడకి ఇష్టం లేదని అర్థమై వచ్చేశాను. నీ మాట కోసం ఆగకుండా, వకీలమ్మ మాట కాదని చేసిన పని ఇది. ఉద్యోగం పోతే పోనీ.

21, మధ్యాహ్నం: ఉత్తరం పోస్టు చేయబోతుంటే కండక్టరు గారు ఆఫీసుకి ఫోను చేశారు. ఈ పొద్దున ఆవిడ మొగుడు ఇంకో ఇద్దరితో వచ్చాడట. పేరు పెట్టి పిలిచాడట. పలక్కపోతే తాళం పగలగొట్టి లోపలికి వెళ్ళాడు. గదిలో ఏముంది, గోడ మీద బొమ్మలు తప్ప? అవి చింపేసి వెళ్ళాడు. ఇంతకంటే రాయలేను వదినా.

గడుగ్గాయి

*

మార్చి 25

గడుగ్గాయికి,

ఇది నేనే రాస్తున్నాను. ఎడమ కంటితో, నాలుగు నాలుగు వరసలు రాసి ఆగుతూ. అన్నయ్య చేత రాయించే ఉత్తరం కాదు ఇది.

నా ఉత్తరం నీకు 22న చేరి ఉంటుంది. అది చదివి నువ్వు ఏమనుకుని ఉంటావో నాకు తెలుసు. నువ్వు మంచిదానివి కాబట్టి అది నోటితో అనవు, నేనే చెబుతాను. నేను చెప్పినట్టు నువ్వు ఆగి ఉంటే, 21 పొద్దున వాడు పగలగొట్టిన తాళం వెనక తల్లీ కూతుళ్ళిద్దరూ ఉండేవారు. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు ఇదే తలపు.

యంత్రాలు ఫోను వేషం వేసుకుని వస్తాయని రాశాను. అది నిజమే, కానీ అవి నూట నలభైలో ఒక్కటే ఏరుకుని మూడుసార్లు తెరవవు. అది నాకు నీకంటే బాగా తెలుసు. నువ్వు రాసిన చిట్టా అన్నయ్య చదువుతుండగానే నాకు అర్థమైంది, వచ్చింది వాడేనని. అయినా ఆగమన్నాను. ఆవిడ కోసం కాదు. రెండో ఆపరేషను కూడా ఫలించలేదే. కుడి కన్ను పోయింది. ఎడమది దాచుకోవాలంటే ఇక ఈ పని మానుకోమన్నారు. ఆ కబురు చెవిన పడిన మర్నాడే నీ ఉత్తరం వచ్చింది. నా బతుకులో నేను చేసిన మంచి పని అంటూ ఉంటే ఆ సైటు ఒక్కటే. దాని వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందని నలుగురికీ తెలియడం నేను ఓర్చుకోలేకపోయాను. రెండు మూడు రోజులు ఎవరికీ తెలియకుండా ఉంటే చాలనుకున్నాను. ఆ రోజులు ఎవరివో ఆలోచించలేదు.

ఇంకోటి. "నా తప్పు, నా చేతులు" అంటున్నావు. ఆ రిజిస్టరులో మూడు గళ్ళు గీసింది నేను. ఇతరులు అన్న మాట అక్కడ రాసింది నేను, నీలం పుస్తకంలో రాసింది కూడా నేనే. రోజూ ఆ గడి చూస్తూ కూర్చునే మనిషి చేతికి ఆ పుస్తకం ఇస్తున్నప్పుడు, ఈ ఇతరులూ ఆ ఇతరులూ ఒకటి కాదని ఒక్క ముక్క చెప్పాలని తోచలేదు. వకీలమ్మకి ఇదంతా విడిగా రాసి, నా సంతకంతో ఈ కవరులోనే పెట్టాను. నిన్ను ఏమైనా అంటే ఆ కాగితం చూపించు.

నామీద కోపం వస్తే తెచ్చుకో. కానీ రాయడం మానకు.

వదిన

*

ఆఫీసు వెనక గది,
మే 6

వదినకి,

ఆరు వారాలు రాయలేదు. మొదటి రెండు వారాలు కోపంతోనే రాయలేదు, దాచను. నీ 20వ తారీఖు ఉత్తరాన్ని చింపేద్దామని తీసి, అన్నయ్య చేతి రాత చూసి ఆగిపోయాను. నీ కన్ను అలా అయిందని మనసు కలుక్కుమనేది, వెంటనే ఆ తాళం గుర్తొచ్చి మళ్ళీ కోపం వచ్చేది. తర్వాత పని మీద పడ్డాను. ఇప్పుడు కోపం లేదు. నీ ఉత్తరాలు రాకపోతే నాకు తోచడం లేదు. చదవడానికి అన్నయ్య సాయం తీసుకో, కంటిని శ్రమపెట్టకు.

నన్ను ఉద్యోగం లోంచి తీయలేదు. నీ కాగితం వకీలమ్మకి నేను చూపించే అవసరం రాలేదు. ఆవిడ వచ్చిన రోజు మొత్తం విన్నారు. తర్వాత కూర్చుని, నూట నలభై మందికీ స్వయంగా ఉత్తరాలు రాశారు, ఏం జరిగిందో, ఎవరి తప్పో దాచకుండా. పదకొండు మంది తమ కేసులు వేరే చోటికి మార్చుకున్నారు. ఇద్దరు ఇల్లు మారారు. ఒకావిడ వచ్చి నన్ను నానా మాటలూ అంది. నిలబడి విన్నాను. తాళం పగలగొట్టినందుకు కుట్టుపని ఆవిడ మొగుడి మీద కేసు పెట్టారు, వాయిదా ఈ నెల 19న.

ఫోల్డర్లు ఇప్పుడు నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. రోజూ పొద్దున వచ్చి కుర్చీలో కూర్చోగానే మొదట ఆ వరస చూస్తాను, చివర ఇతరుల చోట అక్షరాలకి బదులు మూడు గీతలు, అంటే సున్నా, ఉన్నాయో లేదో అని. ఉన్నాయని తెలిసీ మళ్ళీ మధ్యాహ్నం చూస్తాను. ఈ జబ్బు ఎప్పటికి వదులుతుందో తెలియదు.

అసలు రాయాలనుకున్నది ఇది. నిన్న పదకొండింటికి కుట్టుపని ఆవిడ ఫోను చేసింది. వెళ్ళిపోయాక ఇదే మొదటిసారి. ఎక్కడో దుకాణం ఫోను, వెనక బస్సుల హారన్లు. వాయిదా ఎప్పుడని అడిగింది, చెప్పాను. కొత్తగా అర్జీ వెయ్యాలంటే మన ఫారం నింపాలి కదా. పేరు, కేసు నంబరు నేనే కొట్టాను. అడ్రసు గడి దగ్గరికి వచ్చేసరికి, అలవాటు కొద్దీ, "అడ్రసు చెప్పండమ్మా" అనేశాను. అని నాలుక కరుచుకున్నాను.

ఆవిడ నెమ్మదిగా చెప్పింది.

"మీరు వచ్చి చెప్పబట్టే బతికున్నామండీ. ఆ మాట మర్చిపోను. అడ్రసు మాత్రం మీకు చెప్పను."

"చెప్పకండి" అన్నాను.

పిల్ల ఎలా ఉందని అడుగుదామనుకునే లోపే పెట్టేసింది. అర్జీ పంపబోతే, అడ్రసు లేకుండా కుదరదని స్క్రిప్టు ఎర్ర అక్షరాలతో ఆపేసింది. ఆ షరతు నువ్వు పెట్టింది, ఇన్నేళ్ళూ ఎవరూ ముట్టుకోలేదు. వకీలమ్మని అడిగితే, కోర్టు కబుర్లన్నీ ఆఫీసుకే వచ్చేలా చూస్తానన్నారు. సాయంత్రం లోపు ఆ షరతు తీసేశాను. ఇప్పుడు ఆ గడి ఖాళీగా వదిలినా అర్జీ వెళ్తుంది. ఆవిడది అలాగే వెళ్ళింది.

ఆవిడ ఎక్కడుందో నాకు తెలియదు వదినా. తెలుసుకోవాలని ఎంత ఉందో నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

నీ గడుగ్గాయి